చర్చి పచ్చికలో పదకొండు బోడి మచ్చలు

తోటల శాఖలో కొత్తగా చేరినవాళ్ళు ఎక్కడైనా కనిపిస్తే నన్ను మొదట అడిగేది ఒకటే: "మేడమ్, నీడలో గడ్డి పెరుగుతుందా?" పెరగదు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్న శాస్త్రం అంతే. ఇక్కడితో ఆపెయ్యవచ్చు. కాని రిటైరైనవాళ్ళకి ఆపే అలవాటు ఉండదు కాబట్టి, పెరగని చోట పెంచమని జీతమిచ్చినప్పుడు ఏం చేశానో కూడా రాస్తున్నాను.

ప్రమోషన్ల సంగతి రాయను. రెండు వచ్చాయి. రెండోది వచ్చిన సంగతి నాకన్నా ముందు మా ఆఫీసు ప్యూనుకు తెలిసింది. ఫైళ్ళ సంగతీ రాయను. అవి ఇంకా అక్కడే ఉంటాయి, తీరిక చూసుకుని మీరే చదువుకోవచ్చు.

ఉద్యోగం అంటే

నేను బీఎస్సీ అగ్రికల్చర్ చదివాను. మా బంధువులు మాత్రం పూలజడలు వెయ్యడంలో డిగ్రీ తెచ్చుకున్నానని నమ్మారు. ఏ పెళ్ళికి వెళ్ళినా మల్లెపూల బుట్ట నా ఒళ్ళోకి వచ్చేది. మొదట్లో వివరించేదాన్ని. తర్వాత కట్టడం నేర్చుకున్నాను.

ఎనభైల్లో సికింద్రాబాదులో నా పోస్టింగు. సర్కారు బంగళాలు, ఆఫీసులు, ఆసుపత్రుల ముందున్న పచ్చికలు మా బాధ్యత. తిరుమలగిరి వైపు పాత బంగళాల్లో పచ్చిక అంటే గడ్డి కాదు, పరువు. తెల్లవాళ్ళు తమ ఊళ్ళో ఏడాది పొడుగునా చినుకుల కింద పెరిగే వస్తువును తెచ్చి మన ఎర్రమట్టిలో, మామిడిచెట్ల కింద పరిచి వెళ్ళిపోయారు. దాన్ని బతికించే పని మాకు మిగిలింది.

నా మొదటి పై అధికారికి యూరియా మీద అపారమైన విశ్వాసం. గడ్డి పసుపుబారితే యూరియా, పల్చబడితే యూరియా, పందికొక్కులు తవ్వితే కూడా యూరియా. ఆయన మాట మీద తిరుమలగిరిలో ఒక పెద్ద అధికారి బంగళాలో చేత్తో చల్లాను. చల్లేటప్పుడు నా చెయ్యి ఎలా తిరిగిందో వారం తర్వాత పచ్చిక మీద స్పష్టంగా అచ్చుపడింది: మాడిపోయిన అర్ధచంద్రాలు, పన్నెండు. ఆ అధికారి భార్య దాన్ని డిజైను అనుకుని, ఎవరు వేశారని అడిగింది. నేనేనని చెప్పాను. అందులో అబద్ధం లేదు.

ఇలాంటివి చాలా ఉన్నాయి. కాని నాకు నిజంగా పని నేర్పింది మా శాఖకు సంబంధం లేని పచ్చిక ఒకటి. అక్కడ నేను చేసిన తప్పుకు నా ఉద్యోగం పోలేదు, ఇంకొకరిది పోబోయింది. అందుకే అది వివరంగా రాస్తాను.

సొంత రిక్వెస్టు

అప్పటికి మా సూపరింటెండెంటు ప్రభుదాసు గారు. భీమవరం వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడిన కుటుంబం. మంచి మనిషి, పని తెలిసిన మనిషి. ఆయనకు ఉన్న బలహీనత ఒకటే, మాట. సెలవుచీటీ మీద సంతకం పెట్టడానికి కూడా ఉపోద్ఘాతం ఉండేది.

ఒకరోజు నన్ను పిలిచారు. "వసుంధరా, ఇది డిపార్టుమెంటు పని కాదు. నా సొంత రిక్వెస్టు. మా చర్చి లాను పాడైపోయింది. ఆస్తుల కమిటీకి నేను కన్వీనర్ని. తోటల శాఖలో సూపరింటెండెంటుని పెట్టుకుని ఇదేం లానయ్యా అంటున్నారు. వెళ్ళి ఒకసారి చూడు."

పై అధికారి సొంత రిక్వెస్టు అంటే డిపార్టుమెంటు పనికన్నా ముందు చెయ్యవలసిన పని. ఈ సంగతి కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను.

జూన్ ఆఖరు. మొదటి వానలు పడి వారమైంది. పాత రాతిగోడల చర్చి, ముందు అరెకరం పచ్చిక, దాని నడుమ పెద్ద నిద్రగన్నేరు చెట్టు. దాని ఒక్కో కొమ్మ ఒక్కో చెట్టంత ఉంది. ఉత్తరం గోడ పక్కన, చూరునీళ్ళు పడే చోట గడ్డి పోయి పాచి పట్టింది, మందంగా, నిగనిగలాడుతూ. మిగతా అంతా పల్చటి గడ్డి. ఆ గడ్డిలో బోడి మచ్చలు. లెక్కపెట్టాను, పదకొండు. దబరగిన్నె బోర్లించి గీసినట్టు గుండ్రంగా ఉన్నాయి. అన్నిటిలోకీ పెద్దదాంట్లో నవారు మంచం వెయ్యొచ్చు.

మాలీ పేరు యాదగిరి. యాభై దాటాయి. పద్దెనిమిదేళ్ళుగా చర్చి వెనక గదిలో భార్యతో ఉంటున్నాడు. పని ఉన్నన్నాళ్ళే గది. నేను గొంతుక్కూర్చుని ఒక్కో మచ్చలోంచి మట్టి తీసి పొట్లాలు కడుతుంటే చేతులు కట్టుకుని చూశాడు.

"మట్టి ఏడికి తీస్కపోతున్నరమ్మా?"

"పరీక్షకి."

"పాసైతదా?"

ఆ మాటలో ఎగతాళి ఉందో లేదో నాకు అప్పుడు తెలియలేదు. ఉంది.

పుస్తకం చెప్పినట్టే

మట్టి పాసైంది. సారం బాగానే ఉందని రిపోర్టు. కింద సన్న అక్షరాల్లో "నేల విపరీతంగా గట్టిపడి ఉంది" అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం మీద వేలు పెట్టి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ వ్యాసం ఇక్కడే అయిపోయేది. నేను పేజీ తిప్పాను.

నా దగ్గర పచ్చికల మీద ఇంగ్లండులో అచ్చయిన ఒక సీమ పుస్తకం ఉండేది. నీడ, పాచి, పల్చబడిన గడ్డి, ఈ మూడూ కలిస్తే అన్నభేది చల్లమంది. మన రైతులు నిమ్మతోటలకి కొట్టే అన్నభేదే. పాచి నల్లబడి చస్తుంది, గడ్డికి ఇనుము అంది పచ్చబడుతుంది. పుస్తకంలో ఔన్సుల లెక్క ఇచ్చారు. నేను గ్రాముల్లోకి మార్చి, ఆ పాచి మొండితనం చూసి రెండింతలు చేశాను. అలా పెంచమని ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ భాగం నా సొంత పరిశోధన.

ఒక శనివారం సాయంత్రం ఇసకలో కలిపి పచ్చికంతా చల్లాం. యాదగిరి దాని మీద నీళ్ళు చిలకరించాడు.

"రేపు ఆదివారం గదమ్మా," అన్నాడు.

"గడ్డికి ఆదివారం ఏముంటుంది యాదగిరీ?"

అతను మళ్ళీ నీళ్ళు తేవడానికి వెళ్ళాడు. కొత్తవాళ్ళు ఇది రాసిపెట్టుకోండి: మాలీ ఒక్క మాట అని ఊరుకున్నాడంటే, ఆ రోజుకి మీరు వినవలసిన మాట అదే.

ఆ చర్చిలో అందరూ చెప్పులు బయట విడిచి, తడి గడ్డి మీదుగా ఉత్త కాళ్ళతో లోపలికి వెళ్తారని నాకు తెలియదు. ఆదివారం పొద్దున ఎవరికీ ఏమీ కనిపించలేదు. అడుగుల తడి ఉంది, ఆరిపోయింది. అన్నభేది తొందరపడే రకం కాదు. సాయంత్రానికి వరండాలో షాబాదు రాళ్ళ మీద, లోపల తెల్లటి గచ్చు మీద, వందలాది పాదాలు తుప్పు రంగులో తేలాయి. వేళ్ళతో సహా. ముందు వరసల్లో కూర్చున్న ఆడవాళ్ళ తెల్లచీరల అంచులకు కూడా అంటింది. ఇంట్లో సబ్బు పెట్టి ఉతికితే రంగు ఇంకా బాగా తేలిందట.

సోమవారం చర్చి కమిటీ కూర్చుంది. అధ్యక్షులు ఆశీర్వాదం మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. సీసా అడుగంత మందం కళ్ళద్దాలు. నన్నూ పిలిచారు.

"మనకీ గడ్డీ వద్దు, ఈ గొడవా వద్దు ప్రభుదాసు గారూ," అన్నారు మాస్టారు. "సిమెంటు బిళ్ళలు పరిపించేద్దాం."

"నేనూ అదే అనుకుంటున్నానండీ," అన్నారు మా సూపరింటెండెంటు. తోటల శాఖ ఉద్యోగి అంత హాయిగా సిమెంటుకు ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

"బిళ్ళలకి మాలీ అక్కర్లేదు కదా," అన్నారు మాస్టారు. "గది ఖాళీ చేయిస్తే సండే స్కూలు బెంచీలు పెట్టుకోవచ్చు."

యాదగిరి గుమ్మం అవతల నిలబడి ఉన్నాడు.

"అతని తప్పేం లేదండీ," అన్నాను. "చల్లమంది నేను. రేపు ఆదివారం అని అతను చెప్పాడు కూడా."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిజమేనమ్మా. కాని మిమ్మల్ని మేం తీసెయ్యలేం కదా. మీరు మా ఉద్యోగి కాదు."

ఆయన కొంచెం ఆలోచించి గడువు ఇచ్చారు. నవంబరులో వాళ్ళకి కోత పండుగ. పండినవి తెచ్చి బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన తర్వాత పచ్చిక మీద భోజనాలు చేస్తారు. ఆ రోజుకి పచ్చిక పచ్చబడితే యాదగిరి ఉంటాడు. లేకపోతే మర్నాటి నుంచి సిమెంటు.

పాదాల పంచాంగం

తుప్పు మరక నిమ్మరసానికి పోతుంది. మోండా మార్కెట్టుకు వెళ్ళి ఒక గంపెడు కొన్నాను. "పచ్చడికా మేడమ్?" అని అడిగింది అమ్మే ఆమె. చర్చికి అన్నాను. ఆమె రెండు కాయలు కొసరు వేసింది.

నేనూ యాదగిరీ మోకాళ్ళ మీద కూర్చుని, సగం చెక్కలతో ఒక్కో పాదాన్నీ రుద్దాం. నిమ్మరసానికి షాబాదు రాళ్ళ నునుపు కూడా కొంత పోయింది. దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కాసేపటికి యాదగిరి తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు.

"గిది ఆశీర్వాదం సారుది. కుడికాలు జెర పక్కకు ఏస్తడు. గీ సన్నయి ఆర్గన్ వాయించే మేరమ్మవి. గివి మీ ప్రభుదాసు సారువి."

"ఎలా తెలుసు?"

"మడిమె సూడుండ్రి, ఎంత గట్టిగ పడ్డదో. బరువంత ఎన్కకు ఏసి నిలవడ్తడు. ముచ్చట పెట్టేటోల్లు గట్లనే నిలవడ్తరు."

"అందరి పాదాలూ గుర్తుపడతావా?"

"పద్దెనిమిదేండ్ల సంది సూస్తున్న గదమ్మా. ఆల్ల మొకాలు సూసుడు పాస్టరు సారు పని. నా పని కింద."

నేను ప్రభుదాసు గారి పాదాల జాడను వెనక్కి పట్టుకుని వెళ్ళాను. తలుపు, వరండా, మెట్లు. అక్కడి నుంచి పచ్చికలో ఆయన అడుగు పడ్డ దారి సన్నటి గీతలా కనిపిస్తూనే ఉంది. నేరుగా పోయి పెద్ద మచ్చలో ఆగింది. వెనక్కి వచ్చి మేరమ్మ గారి పాదాలు పట్టుకున్నాను. అవి ఇంకో మచ్చలో తేలాయి.

"యాదగిరీ, వీళ్ళంతా ఈ మచ్చల్లోంచే వస్తున్నారు."

"చెప్పులు ఆడనే ఇడుస్తరమ్మా. ఎవల జాగ ఆల్లదే, తాతల సంది. ఒకల జాగల ఇంకొకలు ఇడువరు. ప్రార్థన అయినంక ఒచ్చి, ఆడనే చెప్పులు తొడుక్కొని గంటసేపు ముచ్చట. గడ్డి ఎట్ల మొలుస్తది?"

"ఈ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా?"

"నన్ను అడిగిన్రా? మట్టిని అడిగిన్రు."

సర్వీసులో నాకు చాలా మెమోలు వచ్చాయి. ఇంత చిన్నది, ఇంత న్యాయమైనది ఇంకొకటి రాలేదు.

ఇరవై రెండేళ్ళుగా గడ్డే లేదు

తర్వాతి ఆదివారం వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. పదిన్నరకు ఆరాధన అయిపోయింది. జనం బయటికి వచ్చి, పుస్తకాల అరలో పుస్తకాల్లా, ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోయారు. పదకొండు చోట్లా పదకొండు గుంపులు. మేరమ్మ గారిది చిన్న మచ్చ, ఆమె మాట వినేది ఇద్దరే. ప్రభుదాసు గారి చుట్టూ ఎనిమిదిమంది. ఆయన మడమల మీద ముందుకూ వెనక్కూ ఊగుతూ మాట్లాడుతున్నారు. రోడ్డు రోలరు కూడా అంత శ్రద్ధగా పనిచెయ్యదు.

సోమవారం ఆఫీసులో ఆయనకు చెప్పాను. చెప్పకుండా ఉండటానికి మార్గం ఆలోచించాను, దొరకలేదు.

"సార్, ఆ పెద్ద మచ్చ మీవల్లే."

ఆయన నొచ్చుకున్నారు. "నేను గడ్డి మీద నిలబడే మనిషినా వసుంధరా? నేను నిలబడే చోట ఇరవై రెండేళ్ళుగా గడ్డే లేదు."

జులై అంతా చికిత్సలు చేశాను. "గడ్డి తొక్కరాదు" అని బోర్డు పెట్టాను. చదివి, గడ్డి లేని చోట నిలబడ్డారు. మెట్ల పక్కన చెప్పుల స్టాండు పెట్టించాను. చెప్పులు కలిసిపోతాయని ఒక్కరూ వాడలేదు, దాని మీద ఎవరో టిఫిను క్యారియరు పెట్టారు. మచ్చల చుట్టూ తాళ్ళు కట్టాను. తాడు దాటి లోపలికెళ్ళి, గొడుగులు తాడుకు తగిలించి, మరింత వీలుగా మాట్లాడుకున్నారు. మనిషి నిలబడే చోటును బోర్డుతో మార్చవచ్చని ఎవరైనా మీకు చెబితే, ఆయన ఎప్పుడూ ఆఫీసు దాటి బయటికి రాలేదని అర్థం.

ఆగస్టు వచ్చింది. గడ్డి నాటడానికి అదను దాటిపోతోంది. ఒకరోజు యాదగిరి అడక్కుండానే చెప్పాడు.

"మల్కాజ్‌గిరిల మా బామ్మర్ది ఉన్నడమ్మా. ఆల్లింట్ల ఒక అర్ర ఇస్తా అన్నడు. ఆల్లే ఏడుగురు ఉంటరు దాంట్ల. జెర సర్దుకోవాలె."

మామూలుగా అన్నాడు. నా తప్పుకు ఏడుగురున్న గదిలోకి ఇంకో ఇద్దరు వెళ్ళబోతున్నారు.

కొమ్మ ఎవరిది

ఆ ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి మనుషుల్ని వదిలేసి చెప్పుల్ని చూశాను. పదకొండు కుప్పలూ నీడలోనే ఉన్నాయి. రెండు గంటలు ఎండలో ఉన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టడానికి ఎవరికి మనసవుతుంది? తాతలు నీడ చూసుకుని చెప్పులు విడిచారు. మనవలు చెప్పులున్న చోట నిలబడ్డారు. గడ్డికి ఎండ లేకపోవడం, నెత్తిన మనుషులు ఉండటం, రెండిటికీ కారణం ఆ కొమ్మలే.

మర్నాడు సరిగ్గా పదిన్నరకు ముగ్గుపిండితో నీడల అంచులు గీశాను. కిందుగా, అడ్డంగా పోయిన మూడు కొమ్మలు తీస్తే తొమ్మిది మచ్చల్లో ఎండ పడుతుంది. గడ్డికి అందవలసింది గడ్డికి, చెప్పులకు అందవలసింది చెప్పులకు అందుతుంది.

ప్రభుదాసు గారు ఒప్పుకోలేదు. "అది మా మామగారు నాటిన చెట్టు. దాని మీద చెయ్యి వేస్తే మా ఇంట్లో ఊరుకోరు."

ఇంట్లో అంటే ఆయన భార్య సుగుణమ్మ గారు, చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. తర్వాతి ఆదివారం గేటు దగ్గర ఎండలో కనిపించారు. చేతిలో బైబిలు, నెత్తిన కొంగు.

"ఎవరి కోసమండీ చూస్తున్నారు?" అన్నాను.

"ఇంకెవరి కోసం అమ్మాయ్, మీ సారు కోసమే. పెళ్ళైనకాడి నుంచీ చూస్తన్నాను. పాస్టరు గారి ప్రసంగం పదిన్నరకి అయిపోద్ది. ఈయనది పన్నెండుకి. ఇంటికెళ్ళి పొయ్యి ఎలిగించేసరికి ఆకలి చచ్చిపోద్ది."

నేను చెట్టు వైపు చూపించాను. ఏ కొమ్మ నీడ ఎక్కడ పడుతోందో చెప్పాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు.

"ఏదీ, ఆయన నెత్తి మీద గొడుగు పట్టినట్టుందే, అదేనా?"

"అదేనండీ."

"కొట్టించెయ్."

"సార్ వద్దంటున్నారండీ. ఇంట్లో ఊరుకోరన్నారు."

"చెట్టు నాటింది మా నాన్న. ఇల్లంటే నేను." ఆవిడ కొంగు సర్దుకున్నారు. "నేను ఊరుకున్నాను."

మంగళవారం స్త్రీల సమాజంలో తీర్మానం అయింది. వ్యతిరేకించినవాళ్ళు లేరు. మచ్చలున్న ఇళ్ళ ఆడవాళ్ళంతా అందులో సభ్యులే, అందరి ఇళ్ళలోనూ ఆదివారం పొయ్యి ఆలస్యంగానే వెలుగుతోంది.

మూడు కొమ్మలు దిగాయి. నేనూ యాదగిరీ మచ్చలన్నిటినీ జానెడు లోతు పలుగుతో పొడిచాం. పలుగు దిగేటప్పుడు రాయి పగిలిన చప్పుడు వచ్చింది. ఆకుఎరువు కలిపి, సగం నీడను ఓర్చుకునే వెడల్పాకు బఫెలో గడ్డి పిలకలు నాటాం. చెట్టు మొదట్లో మిగిలిన రెండు మచ్చల్లో గడ్డి పెట్టలేదు. అక్కడ పెరగదు. చుట్టూ రాళ్ళు పేర్చి, నీడకు తట్టుకునే ఆకుమొక్కలు పెట్టి, మొదటి నుంచీ మా ఉద్దేశం అదేనన్నట్టు నిలబడ్డాం. ఓటమికి రాళ్ళు పేర్చడం ఈ వృత్తిలో ముఖ్యమైన నైపుణ్యం.

మొదటి ఆదివారం ప్రభుదాసు గారు మాట్లాడుతూ వచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వెంటనే తీసేశారు. వాక్యం మధ్యలో ఆయన ఆగడం నేను అదే మొదలు చూడటం. వారం వారం గుంపులు ఎండ లేని చోటు వెతుక్కుంటూ వరండా ముందున్న కంకర మీదికి జరిగాయి. మబ్బు పట్టిన ఆదివారాలు మాత్రం ప్రమాదం. ఆ రోజుల్లో యాదగిరి తెల్లవారకముందే మచ్చలు తడిపి బురద చేసి పెట్టేవాడు. ఇస్త్రీ బట్టల్లో వచ్చిన మనిషి బురదలో చెప్పులు విడవడు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

పాచి సంగతి అంటారా? అన్నభేదికి నెలరోజులు నల్లగా ఉండి, ఆగస్టు వానలకు ఇదివరకటికన్నా మందంగా వచ్చింది. చూరునీళ్ళు అక్కడే పడుతున్నంతకాలం అది వస్తూనే ఉంటుంది. పాచిని చంపకండి, నీటిదారి మళ్ళించండి. చూరుగొట్టం మార్చమని కమిటీకి రాశాను. ఆ కాగితం ఇంకా పరిశీలనలో ఉండి ఉంటుంది.

కోత పండుగ

నవంబరులో ఆ ఆదివారం బలిపీఠం ముందు గుమ్మడికాయలు, చెరుకుగడలు, వరికంకులు పేర్చారు. ఎవరో కాళ్ళు కట్టిన కోడిని కూడా తెచ్చారు. అది ప్రసంగం పొడుగునా తన అభిప్రాయం చెబుతూనే ఉంది.

ఆరాధన కాగానే కమిటీ పచ్చిక చూడటానికి దిగింది. ముందు ఆశీర్వాదం మాస్టారు, పక్కన ప్రభుదాసు గారు, వెనక నేను. యాదగిరి ఉతికిన చొక్కా వేసుకుని ఉత్తరం గోడ దగ్గర నిలబడ్డాడు. అతని భార్య గది గుమ్మంలోంచి చూస్తోంది.

గడ్డి వచ్చింది. అయితే కొత్త గడ్డి ముదురాకుపచ్చ, పాతది లేతది. పదకొండు బోడి మచ్చల చోట తొమ్మిది పచ్చ మచ్చలు, అంతే గుండ్రంగా. మాస్టారు వంగి ఒక్కొక్కటే చూశారు.

"అతుకులు వేసినట్టుందమ్మా," అన్నారు.

"కలిసిపోవడానికి ఒక ఏడాది పడుతుందండీ."

"ఏడాది అనుకోలేదు మనం."

యాదగిరి నేల చూస్తున్నాడు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ ఉత్తరం గోడ దాకా వెళ్ళి ఆగారు. ఆయన ఉత్త కాళ్ళతో ఉన్నారు. నిలబడ్డచోటే వేళ్ళు కదిపి చూసుకున్నారు. ఇంకో అడుగు వేశారు.

"ఇదీ గడ్డంటే," అన్నారు. "తివాచీలా ఉంది. ఎంత మెత్తన, ఎంత ఒత్తు. అంతా ఇదే వెయ్యాల్సింది. ఇదేం రకం ప్రభుదాసు గారూ?"

ఆయన పాచి మీద నిలబడి ఉన్నారు.

ప్రభుదాసు గారు పాతికేళ్ళుగా తోటల శాఖలో ఉన్న మనిషి. పాచికీ గడ్డికీ తేడా ఆయనకు చీకట్లో కూడా తెలుస్తుంది. సిమెంటుకు మొదట సరేనన్నదీ ఆయనే. ఆయన పాచిని చూశారు. యాదగిరిని చూశారు. గది గుమ్మం వైపు చూశారు.

"నీడకి తగిన రకం ఇదేనండీ," అన్నారు. "నిదానంగా వస్తుంది. తెలిసిన మాలీ ఉండాలి."

అంతే. ఉపోద్ఘాతం లేదు, ముగింపు లేదు. ఆయన జీవితంలో అంత చిన్న ప్రసంగం అదొక్కటే అని నా నమ్మకం. శాస్త్రం ప్రకారం చూస్తే మొదటి రెండు వాక్యాలు అక్షరాలా నిజం. మూడోదాని మీద నేను వ్యాఖ్యానించను.

మాస్టారు తల ఊపారు. "అయితే సిమెంటు మాట వదిలేద్దాం. యాదగిరీ, దీనికి రోజూ నీళ్ళు పొయ్యి."

"పోస్త సార్," అన్నాడు యాదగిరి. గది గుమ్మం దగ్గర అతని భార్య లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి అక్కడి నుంచి గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. అవి కట్టిపెట్టిన మూటలు విప్పి బయటికి తీస్తున్న గిన్నెలని నాకు తర్వాత తెలిసింది.

భోజనాలయ్యాక నేనూ యాదగిరీ విస్తళ్ళు ఏరుతున్నాం. ప్రభుదాసు గారు గేటు పక్కన, ప్రహరీ నీడలో, మంచి గడ్డి మీద నిలబడి ఉన్నారు. చుట్టూ ఎనిమిదిమంది. సుగుణమ్మ గారు కూడా ఇప్పుడు నీడలోనే ఎదురుచూస్తున్నారు.

"సారు జాగ మార్చిండు సూడుండ్రి," అన్నాడు యాదగిరి. "గాడ గడ్డి పోవుడు షురూ అయితది."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

అతను కళ్ళు చికిలించి ఆయన మడమల కేసి చూశాడు. "రెండేండ్లు. గిట్లనే మాట్లాడితే ఏడాదిన్నర."

"ఇప్పుడే చెప్పి ఆపుదామా?"

"ఒద్దమ్మా," అన్నాడు యాదగిరి, విస్తళ్ళ దొంతర భుజానికెత్తుకుంటూ. "ఆల్ల ముచ్చట బందయితే నా నౌకరి సుత బందయితది. పెట్టుకోనియ్యుండ్రి."